హ్యాండిల్ లాక్‌తో కుస్తీ పట్టకు

చిన్నా,

నీ బండి హ్యాండిల్ లాక్ పట్టేసి తాళం చెవి తిరగడం లేదని నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విని రాత్రంతా నిద్ర పట్టలేదు అనను గానీ, ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. "కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని చెవి తిప్పేద్దామనుకున్నా బాబాయ్" అన్నావు చూడు, అది. ఆ పని ఒకప్పుడు నా బండికి నేను చేశాను. చెవి తలకాయ నా చేతికొచ్చింది, మిగతా సగం లాక్‌లోనే ఉండిపోయింది. రంధ్రం అంచుకి సమంగా తెల్లగా మెరుస్తోంది, గోటికి కూడా అందదు. హ్యాండిల్ ఎడమవైపు బిగుసుకుపోయింది. ముందు చక్రం పైకెత్తి ఇద్దరం బండిని ఈడ్చుకెళ్ళాం.

అసలు లోపల జరిగేది చాలా చిన్న సంగతి. చెవి పెట్టే చోటు కింద ఒక ఉక్కు పిన్ను ఉంటుంది. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, చెవి కిందికి నొక్కి తిప్పితే ఆ పిన్ను బయటికొచ్చి ఛాసిస్ మెడ దగ్గరున్న గాడిలో దిగుతుంది. సైడ్ స్టాండ్ మీద నిలబెట్టినప్పుడు హ్యాండిల్ తన బరువుకి ఇంకాస్త వాలుతుంది, లేదా చక్రం ఏ రాయికో ఆనుకుని ఉంటుంది. ఆ ఒత్తిడికి పిన్ను గాడి గోడకి నొక్కుకుపోతుంది. చెవి తిరగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, చెవి తప్పేమీ ఉండదు. ఎడం చేత్తో హ్యాండిల్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ, కుడిచేతి రెండు వేళ్ళతో చెవి తిప్పు. ఎక్కడో ఒకచోట పిన్ను మీద బరువు తగ్గుతుంది, టక్‌మని వదులుతుంది. లాక్ వేసేటప్పుడూ అంతే, హ్యాండిల్‌ని చివరిదాకా తిప్పాక వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి నొక్కు.

అలా చేసినా మొరాయిస్తే రెండో చెవి పెట్టి చూడు. రెండూ పట్టేస్తే లాక్‌లోనే ఏదో ఉంది, ఒక్కటే పట్టేస్తే ఆ చెవిదే తేడా. ఇంకో మాట, నీ చెవికి వేలాడే ఆ గుత్తి తీసెయ్. ఇంటి తాళాలు, బీరువా తాళం, సీసా మూత తీసేది, అన్నీ దానికేనా? బండి నడుస్తున్నంతసేపూ ఆ బరువు ఊగుతూ లోపలి ఇత్తడి రేకుల్ని అరగదీస్తుంది.

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం తాళం రంధ్రం మీదికి పెట్టనివ్వకు. నీళ్ళు పోయినా మట్టి మిగులుతుంది. ఇంజిన్ ఆయిల్ చుక్క వేస్తే ఆ రోజుకి హాయిగా తిరుగుతుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుని బంకలా తయారవుతుంది. గ్రాఫైట్ పొడి గానీ, ఆరిపోయే రకం లూబ్రికెంట్ స్ప్రే గానీ కొంచెం వేసి, చెవిని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించు.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టే సంగతి. పిన్ను గాడిలో దిగకపోతే చికాకు మాత్రమే. పిన్ను పూర్తిగా వెనక్కి పోకపోతే మాత్రం ప్రమాదం. చెవి ఆన్‌లోకి వస్తుంది, బండి స్టార్ట్ అవుతుంది, మలుపులో హ్యాండిల్ సగంలో ఆగిపోతుంది. అందుకని లాక్ తీశాక, స్టార్ట్ చేసే ముందు, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. ఎక్కడైనా తగిలినట్టనిపిస్తే ఆ బండి ఎక్కకు.

నీది నెలల బండి. "కొత్తలో అలాగే ఉంటుంది, వాడగా వాడగా సెట్ అవుతుంది" అని సర్వీస్ సెంటర్లో అన్నారని చెప్పావు. వాడగా సెట్ అయ్యేది ఇంజిన్, తాళం కాదు. నువ్వు తీసుకెళ్ళిన రోజు అది బుద్ధిగా పనిచేస్తుంది, డాక్టర్ ముందు పన్నునొప్పి తగ్గినట్టు. అందుకే పట్టేసినప్పుడల్లా వీడియో తీసి పెట్టుకో. బండి ఇచ్చినప్పుడు వాళ్ళు రాసే జాబ్ కార్డ్‌లో "లాక్ చెక్ చేయాలి" అని రాస్తే ఒప్పుకోకు. "హ్యాండిల్ లాక్ పిన్ను వెనక్కి రావడం లేదు" అని రాయించి, కాపీ తీసుకో. వారంటీ అయిపోయాక ఇదే గొడవ మళ్ళీ వస్తే, మొదట ఎప్పుడు చెప్పావో ఆ కాగితమే చెబుతుంది.

నువ్వు మాత్రం విప్పకు. చాలా బళ్ళకి చెవి పెట్టే ఆ స్విచ్‌ని పట్టి ఉంచే బోల్టులు బిగించాక తలలు తెగిపోయేలా చేసినవే, స్పానర్ పట్టదు. ఉలితో కొట్టావంటే వారంటీకి నీళ్ళొదులుకున్నట్టే. వాళ్ళు లాక్ మారుస్తామంటే ట్యాంక్ మూత, సీటు తాళంతో కలిపి మొత్తం సెట్ అడుగు, లేకపోతే ఒక బండికి రెండు చెవులు మోస్తావు. చెవిలో చిప్ ఉన్న బండైతే కొత్త చెవిని బండికి రిజిస్టర్ చేయించుకున్నాకే బయటికి రా.

అన్నట్టు, బండి ఒకసారి పడింది కదా? మీ నాన్నకి చెప్పలేదని నాకు తెలుసు. హ్యాండిల్‌ని ఆపే స్టాపర్ వంగినా పిన్నుకి గాడి అందదు. సర్వీస్ సెంటర్లో ఆ సంగతి దాచకు. నువ్వు దాస్తే వాళ్ళు తాళం వెంటే పడతారు, రెండు మూడు రోజులు వృథా.

బాగయ్యేదాకా హ్యాండిల్ లాక్ ముట్టుకోకు. ముందు చక్రానికి డిస్క్ లాక్, అంటే బ్రేక్ డిస్క్‌కి బిగించే తాళం, వెయ్యి, వేశాక హ్యాండిల్‌కి ఒక ఎర్ర గుడ్డ కట్టుకో, మర్చిపోయి బండి ముందుకి కదిపితే బోర్లా పడతావు. రెండో చెవి మీ అమ్మ బండి కాగితాల కవర్లో పెట్టింది, నాకు గుర్తుంది. దానికున్న చిన్న రేకు మీద నంబరు ఉంటుంది, ఫొటో తీసి నాకూ పంపు.

మీ బాబాయి