వరి విత్తనానికి ఉప్పునీళ్ళు, కోడిగుడ్డు ఎందుకు?

ప్రశ్న: వరి విత్తనాలను ఉప్పునీళ్ళలో పోసి, తేలినవి తీసెయ్యమంటారు. తాలు మామూలు నీళ్ళలోనూ తేలుతుంది కదా? పైగా గుడ్డు వేసి చూడమంటారెందుకు?

జవాబు: మామూలు నీళ్ళలో తేలేది వట్టి తాలే. సగం నిండిన గింజ మునిగి గట్టి గింజల్లో కలిసిపోతుంది. నారుమడిలో పీలగా వచ్చే నారు చాలావరకు దానిదే. దాన్నీ పైకి తేవాలంటే నీళ్ళ బరువు పెంచాలి.

నీళ్ళలో మునిగిన వస్తువు తన పరిమాణమంత నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీటి బరువెంతో అంత బలంతో నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. 55 గ్రాముల తాజా గుడ్డు పరిమాణం సుమారు 51 మిల్లీలీటర్లు. మంచినీళ్ళ తోపు 51 గ్రాములే, 4 గ్రాములు చాలక మునుగుతుంది. లీటరు 1.08 కిలోలు తూగే ఉప్పునీళ్ళలో ఆ లోటు తీరిపోతుంది. మరికాస్త ఉప్పు పడితే గుడ్డు తేలుతుంది. అంటే గుడ్డు ఇక్కడ తూకంరాయి అన్నమాట.

ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీళ్ళకు ముందు కిలో ఉప్పు కరిగించండి. తర్వాత గుప్పెడు గుప్పెడు వేస్తూ, గుడ్డు పైభాగం పావలా బిళ్ళంత బయటికి కనిపించేదాకా కలపండి. మొత్తం కిలోన్నర దాకా పడుతుంది. చెమ్మగిల్లిన కల్లుప్పయితే ఇంకొంచెం. గుడ్డు మధ్యలో వేలాడుతోందంటే ఉప్పు కరిగి అడుగునే ఉండిపోయిందని, బాగా కలియబెట్టాలి.

పొడి విత్తనాలను కొద్దికొద్దిగా పోసి చేత్తో కలపండి. లేకపోతే పొట్టుకు అంటుకున్న గాలిబుడగలు మంచి గింజనీ తేలుస్తాయి. తేలినవి వెంటనే తీసేసి, మునిగినవాటిని రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. తడి విత్తనం పోస్తే ద్రావణం పలచబడుతుంది, ప్రతి విడతకూ గుడ్డు మళ్ళీ వేసి చూడండి.

ప్రశ్న: నిల్వ ఉన్న గుడ్డు వాడొచ్చా?

జవాబు: వద్దు. పెంకు రంధ్రాల గుండా తేమ పోయి, లోపల గాలిగది పెరుగుతుంది. పరిమాణం అదే, బరువు తక్కువ. అది తక్కువ ఉప్పుకే తేలి మిమ్మల్ని మోసం చేస్తుంది. మంచినీళ్ళలో అడ్డంగా పడుకునేదే తాజా గుడ్డు. నిలబడితే పాతది. తేలినంత మాత్రాన కుళ్ళిందని కాదు, పగలగొట్టి వాసన చూస్తేనే తెలిసేది.