వానపాము పాము కాదు, మరి తాబేలు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయికి ఆరేళ్ళు. ‘పాకే జంతువులన్నీ సరీసృపాలు’ అని స్కూల్లో చెప్పారట. ఇంటికొచ్చి వానపాము, జెర్రి, గొంగళిపురుగు అన్నీ సరీసృపాలే అని తేల్చేశాడు. తాబేలు నడుస్తుంది కాబట్టి కాదట. కప్ప మాత్రం బల్లికి చెల్లెలట! కాదంటే ఏడుపు. ఇంత చిన్నవాడికి ఇదంతా ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీవాణ్ని ఏమీ అనకండి. చెప్పిన సూత్రాన్ని వాడు నిజాయితీగా పాటించాడు. తేడా సూత్రంలోనే ఉంది. సంస్కృతంలో సరీసృపం అంటే పాకుతూ పోయేది అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు నడక చూసి పెట్టారు. శాస్త్రం ఒళ్ళు చూస్తుంది.

కప్ప విషయంలో మీవాడికి పెద్ద తోడే ఉంది. జంతువులకు జంటపేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్, 1758లో కప్పల్నీ పాముల్నీ బల్లుల్నీ తాబేళ్ళనీ ఒకే గుంపులో వేశాడు. అంతదాకా ఎందుకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే తాబేలును ఉభయచరాల కింద బోర్డు మీద రాశాను, నీళ్ళలోనూ ఉంటుంది, నేలమీదా ఉంటుంది కదా అని. వెనక బెంచీ నుంచి ఒకడు “మరి మొసలి కూడా అంతే కదండీ?” అన్నాడు. మారు మాట్లాడకుండా డస్టర్ తీసుకున్నాను.

వాడితో ముందు ఒకటే ఆట ఆడండి. లోపల వెన్నెముక ఉందా? వాడి వీపు మీద వేలితో పైనుంచి కిందికి రాసి చూపించండి. వానపాముకి అది లేదు, జెర్రికీ గొంగళిపురుక్కీ లేదు. అవి ఆటలోంచి అవుట్. మన పేర్లతో ఇదే చిక్కు. వానపాము పాము కాదు. నలికండ్లపాము కూడా పాము కాదు, దానికి బుల్లి కాళ్ళుంటాయి, బల్లికి చుట్టం. రెండుతలల పాముకి ఉన్నది ఒక్క తలే, తోక మొద్దుగా ఉండి మనల్ని మోసం చేస్తుంది. గుడ్డిపాము మాత్రం వానపాములా సన్నగా ఉన్నా నిజంగా పామే!

మిగిలినవాటికి రెండు ప్రశ్నలు చాలు. ఒంటిమీద ఏముంది? గుడ్డు ఎక్కడ, ఎలా పెడుతుంది? కప్పది తడి చర్మం, పొలుసుల్లేవు. గుడ్లు నీళ్ళలో పెడుతుంది, అవి ఉడికిన సగ్గుబియ్యంలా జిగురుగా ఉంటాయి, పెంకు ఉండదు. తాబేలు కాళ్ళ మీద పొలుసులుంటాయి, గుడ్డుకి పెంకు ఉంటుంది. అందుకే కప్ప ఉభయచరం, తాబేలు సరీసృపం. ఏడాదంతా సముద్రంలో తిరిగే ఆలివ్ రిడ్లే తాబేలు కూడా గుడ్లు పెట్టడానికి మన శ్రీకాకుళం, విశాఖ ఒడ్డున ఇసుకలోకి రావాల్సిందే. అన్నట్టు, తాబేలు డొప్ప చొక్కాలా విప్పేది కాదు, వెన్నెముకతో అతుక్కుని ఉంటుంది. కార్టూన్లు చూసే పిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

“చేపకీ పొలుసులున్నాయిగా” అంటాడు. అనాలి కూడా. వంటింట్లో చేపకి పొలుసు తీసేటప్పుడు పిలిచి చూపించండి. గీరుతుంటే ఒక్కొక్కటీ ఊడొస్తుంది. పాము పొలుసు అలా విడిగా రాదు, చర్మమే మడతపడి పొలుసైంది. అందుకే పైపొర కుబుసంగా ఊడిపోతుంది. మా స్కూలు కంచెలో దొరికిన జెర్రిపోతు కుబుసాన్ని పాత క్యాలెండర్ అట్టకి అంటించి ఏటా క్లాసుకి పట్టుకెళ్ళేవాణ్ణి. తల దగ్గర చిన్న వాచీ అద్దాల్లాంటివి రెండుండేవి. పాముకి రెప్పలుండవు. కంటిని కాపాడే పొర అదే, కుబుసంతో పాటు అదీ ఊడుతుంది. అల్లరి పిల్లలు కూడా దాని ముందు నోరెత్తేవాళ్ళు కాదు.

కుబుసం దొరక్కపోతే మీ ఇంటి బల్లి ఉంది. రాత్రి లైటు వెలుగుకి కిటికీ అద్దం మీద అటువైపు వాలినప్పుడు ఇటునుంచి చూపించండి. వేళ్ళ కింద అడ్డంగా మడతలు కనిపిస్తాయి. కడుపుతో ఉన్న బల్లయితే పొట్టలో తెల్లగా రెండు గుడ్లు చర్మంలోంచే తెలుస్తాయి. దానికీ రెప్పల్లేవు, నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. తొండకి ఉన్నాయి. ఈ తేడా వాణ్నే కనిపెట్టనివ్వండి. బల్లికి విషం లేదు కాబట్టి మీరు టెన్షన్ పడక్కర్లేదు, ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. పాము కనిపిస్తే మాత్రం ఆగి, వెనక్కి నడిచి, పెద్దవాళ్ళని పిలవాలి. ఏ పాము అని చూడ్డానికి దగ్గరికి వెళ్ళకూడదు.

పేర్లన్నీ మోసమేనని వాడు అనుకోకుండా ఇదొకటి చెప్పండి. విశాఖలో ఉండి మన పాముల మీద 1796లో పుస్తకం అచ్చు వేయించిన పాట్రిక్ రస్సెల్, తెలుగువాళ్ళు చెప్పిన పేర్లు అందులో అలాగే రాసుకున్నాడు. కట్లపాములకి ప్రపంచమంతా వాడే ‘బంగారస్’ అనే శాస్త్రీయ నామం మన ‘బంగారు’ మాటే.

ప్రశ్న: మొసలి బల్లి కంటే పక్షికే దగ్గరి చుట్టమని మా ఏడో తరగతి అమ్మాయి అంటోంది. నవ్వేశాను. నిజమేనా?
– ఒక తండ్రి, పాల్వంచ

జవాబు: నిజమే, నవ్వినందుకు సారీ చెప్పండి. మొసలి గుండెకి పక్షి గుండెలాగే నాలుగు గదులు. బల్లికీ పాముకీ మూడే. డైనోసార్లదీ ఈ కొమ్మే. గుడ్లలోంచి పిల్లల అరుపు వినగానే తల్లి మొసలి గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్ళలో దింపుతుంది. మొసళ్ళున్న కిన్నెరసాని మీకు పక్కనే కదా, ఒక ఆదివారం తీసుకెళ్ళండి. నీళ్ళలో చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి.