గ్లవ్స్ తీయకుండా తాడు మార్చగలవా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 26 ఏళ్లు. రెండేళ్ల కిందట డార్జిలింగ్‌లో పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాను. తర్వాత ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా ట్రెక్ వెళ్లొచ్చాను. వచ్చే సెప్టెంబరులో ఒక కంపెనీ టీమ్‌తో నేపాల్‌లోని మనాస్లు ఎక్కాలని అప్పు కూడా మాట్లాడుకున్నాను. "ఎనిమిది వేల మీటర్ల శిఖరాల్లో ఇదే ఈజీ, అనుభవం లేకపోయినా ఫర్వాలేదు, అంతా షెర్పాలు చూసుకుంటారు" అని కంపెనీవాళ్లు చెప్పారు. మా ఫ్రెండ్సేమో "డబ్బు కట్టి ఎక్కడం కూడా ఒక ఎక్కడమేనా" అంటున్నారు. మీరు వెళ్లొచ్చారు కదా, నన్ను వెళ్లమంటారా?

జవాబు: చెల్లీ, ముందు నీ ఫ్రెండ్స్ మాట చూద్దాం. 8,163 మీటర్ల ఆ కొండ మీద మొదటిసారి, 1956 మే 9న, జపాన్ టీమ్ సభ్యుడు తోషియో ఇమానిషితో పాటు నిలబడింది గ్యాల్జెన్ నోర్బు అనే షెర్పా. ఆ కాలంలోనూ పెద్ద టీములు చాలావరకు షెర్పాల సాయంతోనే కదిలాయి. నువ్వు కట్టే డబ్బుతో తాడు వేస్తారు, టెంట్లు పైకి మోస్తారు, ఆక్సిజన్ చేరుస్తారు. అడుగు మాత్రం నీదే. ఆ విషయంలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

నాకు టెన్షన్ పుట్టించింది కంపెనీవాళ్ల మాట. "షెర్పాలు చూసుకుంటారు" అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నేను 2023 సెప్టెంబరులో వెళ్లాను. అప్పటికి నాకు 41. నీలాగే ఒక కోర్సు, కొన్ని ట్రెక్కులు, అంతే. లార్కే కనుమ దాటి సామాగావ్‌కి దిగి, అక్కడి నుంచి దాదాపు 4,800 మీటర్ల ఎత్తున్న బేస్ క్యాంప్‌కి ఎక్కాం. లామా వచ్చి పూజ చేశాడు. ఐస్ యాక్స్‌లు, క్రాంపాన్లు (బూట్లకి తగిలించే ఇనుప పళ్లు), హార్నెస్‌లు (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలు) అన్నీ రాళ్లు పేర్చి కట్టిన పూజ దిమ్మె పక్కన పెట్టాం. జునిపర్ కొమ్మల పొగ, ముఖాలకి పిండి, పైన రంగురంగుల జెండాలు. పూజ అయ్యేదాకా మా షెర్పాలెవరూ పైకి కదల్లేదు.

ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి పై క్యాంపులకి ఎక్కి దిగడాన్ని రొటేషన్ అంటారు. మొదటి రొటేషన్‌లో ఒకటో క్యాంప్ దాటాక రెండో క్యాంప్‌కి వెళ్లే దారిలో సెరాక్‌లు ఉంటాయి. మేడలంత మంచు దిమ్మెలు. వాటి మధ్య నిటారుగా ఎక్కాల్సిన గోడలున్నాయి. తాడుకి మనల్ని పట్టి ఉంచేవి రెండే, జుమార్ (తాడు మీద పైకి జరుగుతుంది, కిందికి జారకుండా పట్టుకుంటుంది), సేఫ్టీ క్యారాబైనర్ (గేటు ఉన్న లోహపు కొక్కెం). యాంకర్, అంటే తాడుని కొండకి బిగించిన చోటు, వచ్చినప్పుడల్లా ముందు క్యారాబైనర్‌ని పై తాడుకి మార్చాలి, అది పడిందని చూసుకున్నాకే జుమార్ తీయాలి. కోర్సులో వంద సార్లు చేశాను, కానీ పల్చటి గ్లవ్స్‌తో. ఇక్కడ చేతులకి దుప్పటంత మందమైన మిట్టెన్లు. క్యారాబైనర్ గేటు తెరుచుకోలేదు. విసుగొచ్చి కుడి మిట్టెన్ లాగేశాను. నిమిషం తిరక్కుండానే వేళ్లు మొద్దుబారాయి. తాడు క్లిప్పులో పడిందనుకుని జుమార్ తీసేశాను. పడలేదు. క్రాంపాన్ల ముందు పళ్ల మీద, తాడుకి దేనితోనూ తగిలించుకోకుండా నిలబడి ఉన్నానని నాకు తెలియనే లేదు.

నా కింద ఉన్న షెర్పా దాయ్ (నేపాలీలో అన్న) ఒక్క ఉదుటున వచ్చి నా హార్నెస్ పట్టుకున్నాడు. తన ఒంటి బరువంతా ఒక్క జుమార్ మీద వేలాడేసి, రెండో చేత్తో నా క్లిప్ తాడుకి తగిలించాడు. "దీదీ, ఒకటి ఎప్పుడూ తాడు మీద ఉండాలి" అన్నాడు, అంతే. అక్కడి నుంచి క్యాంప్ దాకా ప్రతి యాంకర్ దగ్గరా నావి కూడా ఆయనే మార్చాడు. వీపు మీద మా ఇద్దరి టెంటు, గ్యాస్. అంత బరువుతో, అంత ఎత్తులో, ఇద్దరి పని రెండు చేతులతో చేశాడు. ఆ రాత్రి టెంట్లో నాకు నిద్ర పట్టలేదు. ఆయనకి ఇద్దరు చిన్న పిల్లలు.

బేస్ క్యాంప్‌కి దిగాక కిచెన్ టెంటు వెనక ఒక బండకి తాడు కట్టించుకున్నాను. నాలుగు రోజులు మిట్టెన్లతో, తర్వాత కళ్లు మూసుకుని, అదే పని. రెండో రొటేషన్‌లో దాయ్ నా క్లిప్ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ నాలుగు రోజుల పని ఇంట్లో బయల్దేరకముందే అయిపోయి ఉండాల్సింది. ఒకళ్ల ప్రాణం మీదకి తెచ్చాక నేర్చుకున్నాను.

అందుకే ఈ సెప్టెంబరుకి వద్దమ్మా. బేసిక్‌లో నీకు ‘A’ గ్రేడ్ వచ్చి ఉంటే అడ్వాన్స్‌డ్ కోర్సు చెయ్యి. నేపాల్‌లోనే మేరా పీక్ లాంటి ఆరు వేల మీటర్ల శిఖరం ఒకటి, తర్వాత హిమ్లుంగ్ (7,126 మీటర్లు) లాంటి ఏడు వేల మీటర్లది ఒకటి ఎక్కు. ఏడు వేల మీటర్ల మీద నీ ఒళ్లు ఎలా ఉంటుందో, ఆకలి ఉంటుందో పోతుందో, తల పనిచేస్తుందో లేదో నీకే తెలుస్తుంది. "పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా" అని నాతో చాలామంది అన్నారు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎక్కింది, నిజమే. దానికి ముందు భువనగిరి బండల మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ పైన చలికాలపు లదాఖ్‌లో ఆ పిల్లలిద్దరూ పడ్డ కష్టం మాత్రం ఎవరూ చెప్పరు.

"ఈజీ" అనే మాట గురించి కూడా. మనాస్లులో నిటారు గోడలు తక్కువన్నది వాస్తవం. దాని ప్రమాదం మంచు. వర్షాకాలం చివర్లో వెళ్తాం కాబట్టి రాత్రికి రాత్రే టెంట్లు పూడిపోయేంత కురుస్తుంది. 2012 సెప్టెంబరు 23 తెల్లవారుజామున మూడో క్యాంప్ మీద మంచు చరియలు విరిగిపడి, టెంట్లలో నిద్రపోతున్న 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎంతో అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు.

తర్వాతెప్పుడో వెళ్లేటప్పుడు కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆక్సిజన్ లెక్క. మామూలుగా వాడే నాలుగు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పది గంటలు, నాలుగు పెడితే ఐదే గంటలు. నీకెన్ని సిలిండర్లు, నీ షెర్పాకి విడిగా ఎన్ని, అదనంగా నాలుగో క్యాంప్‌లో ఎన్ని ఉంచుతారు, ఇవి కాగితం మీద రాసిమ్మను. షెర్పాకి ఎన్ని అనగానే నీళ్లు నమిలే కంపెనీతో వెళ్లకు.

ప్రశ్న: మనాస్లు ఎక్కామని చెప్పుకున్నవాళ్లలో చాలామంది అసలు శిఖరం దాకా వెళ్లనేలేదని విన్నాను. నిజమేనా మేడమ్?

జవాబు: నిజమేనండి. చివర్లో శిఖరం సన్నటి గట్టులా ఉంటుంది. ఏళ్ల తరబడి తాడు ముందున్న చిన్న కొన దగ్గరే ఆగిపోయేది, అందరూ అక్కడే ఫొటో దిగి వచ్చేవారు. 2021 సెప్టెంబరులో మింగ్మా జి అనే షెర్పా తన టీమ్‌ని పక్క వాలు మీదుగా అసలు కొన దాకా తీసుకెళ్లాడు. అప్పుడే డ్రోన్‌తో తీసిన ఫొటోలో తేడా లోకమంతటికీ కనిపించింది. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లని అబద్ధాలకోరులనడం నాకు నచ్చదు. తాడు ఆగిన చోటే శిఖరమని వాళ్లకి చెప్పారు, నమ్మారు.

ప్రశ్న: మా అబ్బాయి ఈ సెప్టెంబరులో మనాస్లు వెళ్తున్నాడు. వాడికి ఏడు వేల మీటర్ల అనుభవం ఉంది. అయినా నాకూ మా ఆవిడకీ నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ఉండి మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉందండి. ముందు ఇన్సూరెన్స్ కాగితం మీరే కూర్చుని చదవండి. చాలా పాలసీల్లో ఇన్ని మీటర్ల ఎత్తు వరకే అని గీత గీసి ఉంటుంది. ఎనిమిది వేల మీటర్ల యాత్రకి అది పనికొస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. హెలికాప్టర్ ఉంది కదా అని ధీమా పడకండి, పై క్యాంపుల నుంచి చాలాసార్లు మనిషి తన కాళ్ల మీదే దిగి రావాల్సి వస్తుంది.

రొటేషన్‌కి వెళ్లినప్పుడు మూడు నాలుగు రోజులు ఫోన్ రాకపోవచ్చు. పైన వాకీటాకీలే. ఆ రోజుల్లో కంపెనీ ఆఫీసులో ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు ముందే తీసి పెట్టుకోండి, రోజుకొకసారే చేయండి.

ఇంకొకటి. నేను శిఖరం చూడలేదు. మాకు ఉదయం పదకొండు గంటలని టైమ్ పెట్టారు, ఆ టైముకి నేను 7,900 దగ్గరే ఉన్నాను. దాయ్ వాచీ చూపించాడు, వెనక్కి తిరిగాం. నేనంత తొందరగా తిరగగలిగానంటే కారణం మా ఆయన. బయల్దేరే రోజు ఆయన, "అప్పు మనం తీర్చుకుంటాం, ఎక్కలేదని ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు" అన్నారు. ఆ చలిలో నాకు గుర్తొచ్చింది ఆ మాటే. మీరూ మీ అబ్బాయికి వెళ్లేముందు అలాంటి మాట ఒకటి చెప్పండి. సన్మానానికి హాలు బుక్ చేశామని, ఫ్లెక్సీ కొట్టించామని మాత్రం దయచేసి చెప్పకండి. శిఖరం మీద నుంచి ఫోన్ చేయమని కూడా అడగకండి, అక్కడ మిట్టెన్ తీయించకూడదు. బేస్ క్యాంప్‌కి దిగి, టీ తాగాక చేయమనండి.