ప్రోటాన్ కిరణం గడ్డ దగ్గరే ఆగిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బాబుకు పదేళ్లు. చూపు మందగిస్తోందని చూపిస్తే పిట్యుటరీ గ్రంథి పక్కన నీటితిత్తితో ఉన్న గడ్డ, క్రేనియోఫారింజియోమా అన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కొంత తీశారు. మిగిలినదానికి చెన్నైలో 30 సార్లు ప్రోటాన్ థెరపీ ఇప్పించమన్నారు. కిరణం గడ్డ దగ్గరే ఆగిపోతుందట. కంటికి కనిపించనిది ఎక్కడ ఆగిందో వాళ్లకెలా తెలుస్తుంది? రోజూ ఎక్స్‌రేలు తీస్తారట, అదీ రేడియేషనే కదా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. అన్న పక్కన పడుకోనివ్వొచ్చా?
– ఒక తండ్రి

జవాబు: ఇలాంటివి అడిగితే డాక్టర్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. ఎక్కడ ఆగిందన్న మీ మొదటి ప్రశ్న ఈ చికిత్స చేసే ఫిజిసిస్టులు కూడా ఏళ్లుగా తలపట్టుకుంటున్నదే.

మామూలు రేడియేషన్‌లో ఎక్స్‌రే గడ్డను దాటి తల అవతలి వైపు దాకా పోతుంది. ప్రోటాన్ అనే పరమాణు కణం అలా పోదు. సాగర్ ఎడమ కాలువ కింద మడికి నీళ్లు పెట్టేటప్పుడు మీరు చూసే ఉంటారు. జోరుగా పారేచోట నేల తక్కువ తాగుతుంది, మెల్లబడి నిలిచినచోట ఎక్కువ తాగుతుంది. ప్రోటాన్ కూడా మెల్లబడేకొద్దీ ఎక్కువ శక్తి వదులుతుంది, ఆగే ముందు కొద్ది మిల్లీమీటర్లలో అన్నిటికన్నా ఎక్కువగా వదులుతుంది. దాన్నే బ్రాగ్ పీక్ అంటాం.

అయితే నీళ్లు ఎంతదూరం పోతాయన్నది నేలను బట్టి ఉంటుంది. రేగడిలో ఒక తీరు, చెలకలో ఒక తీరు. తలలోనూ అంతే. ఎముక, మెదడు, సైనస్‌లోని గాలి, ఆపరేషన్‌లో ప్లేట్లు బిగించి ఉంటే ఆ లోహం, ఒక్కోటీ ప్రోటాన్‌ను ఒక్కో తీరుగా ఆపుతాయి. ప్లాన్ వేసేది సీటీ స్కాన్ చూసి. సీటీ చూపేది ఎక్స్‌రేను ఏది ఎంత అడ్డుకుందో. ప్రోటాన్‌ను ఎంత అడ్డుకుంటుందో దాన్నుంచి లెక్కగట్టాలి. ఆ లెక్కలో కొంత తేడా వస్తుంది. లోతులో 3.5 శాతం, దాని మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు చోటు వదిలి ప్లాన్ చేయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 10 సెంటీమీటర్ల లోతుకు అది సుమారు 5 మిల్లీమీటర్లు. మీ బాబు గడ్డ కంటినరం దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ 5 మిల్లీమీటర్లు చిన్న సంగతి కాదు. అందుకే సరిగ్గా కంటినరం ముందు ఆగాలని ఒకే దిక్కు నుంచి గురిపెట్టరు. వేర్వేరు దిక్కుల నుంచి పంచి ఇస్తారు.

నిజంగా ఎక్కడ ఆగిందో చూసే దారులూ ఉన్నాయి. ప్రోటాన్లు పోతూపోతూ కొన్ని పరమాణు కేంద్రకాలను ఢీకొడతాయి. ఆ క్షణంలోనే గామా కిరణాలు బయటికొస్తాయి. పక్కన ప్రత్యేక కెమెరా పెట్టి వాటిని పట్టుకుంటే చికిత్స జరుగుతుండగానే లోతు తెలుస్తుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 2015లో ఒక రోగి చికిత్సలో ఇలా చూశారు. రెండోది పెట్ స్కాన్. ఢీకొన్నచోట పుట్టే ఆక్సిజన్-15, కార్బన్-11 అనే రేడియోధార్మిక పరమాణువుల జాడను అది చూపిస్తుంది. తడి చూసి నీళ్లు ఎందాక పారాయో చెప్పినట్టు. కానీ ఆ తడి తొందరగా ఆరిపోతుంది. ఆక్సిజన్-15 రెండు నిమిషాలకు, కార్బన్-11 ఇరవై నిమిషాలకు సగమైపోతాయి. రక్తం కూడా వాటిని మోసుకుపోతుంది. ఈ రెండు పద్ధతులూ ఇంకా చాలా ఆసుపత్రుల్లో రోజువారీ వాడకంలో లేవు. మీరు వెళ్లేచోట లేకపోయినా చికిత్సలో లోటుందని భయపడకండి.

మీ బాబు విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆ తిత్తి. చికిత్స నడిచే ఆరు వారాల్లో అది ఉబ్బొచ్చు, కుంచించుకుపోవచ్చు. ఉబ్బితే కొంత భాగం కిరణం పడే హద్దు దాటిపోతుంది. కిరణం చెప్పినచోటే ఆగుతుంది, గడ్డే అక్కడ ఉండదు. అందుకని చెన్నైలో మొదటిరోజే ఈ మాట అడగండి: "మధ్యలో ఎమ్మారై ఎన్ని రోజులకోసారి తీస్తారు? తిత్తి మారితే ప్లాన్ మళ్లీ వేస్తారా?" వారం, రెండు వారాలకోసారి చూస్తామంటే నాకు నిశ్చింత.

రోజూ తీసే ఎక్స్‌రేలు తలను ముందురోజులాగే అమర్చడానికి. వాటి మోతాదు ఆ రోజు చికిత్స మోతాదులో వెయ్యింట కొన్ని వంతులే. అవి వద్దనకండి. అవి లేకుంటే గురి తప్పే ప్రమాదం చాలా పెద్దది.

మీ వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. స్టెరాయిడ్ మందులతో ముఖం ఉబ్బి, తల కదలకుండా వేసే మాస్క్ బిగుతైనా, బరువు తగ్గి వదులైనా, జలుబు చేసి ముక్కు దిబ్బడేసినా టెక్నీషియన్‌కు చెప్పండి. సైనస్‌లో గాలి ఉండాల్సినచోట చీమిడి నిండితే కిరణం ఆగే లోతు మారుతుంది. శని, ఆదివారాల్లో ఊరికొచ్చినప్పుడు తలనొప్పి, వాంతులు, చూపులో తేడా కనిపిస్తే సోమవారం దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. పిట్యుటరీ దెబ్బతిని బాబు హైడ్రోకార్టిజోన్ అనే హార్మోన్ మందు వాడుతుంటే జ్వరమొచ్చినప్పుడు డోసు ఎంత పెంచాలో హార్మోన్ల డాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇక పాప సంగతి. బాబు ఒంట్లో పుట్టే ఆ కొద్ది రేడియోధార్మికత మామూలు పెట్ స్కాన్‌కిచ్చే ఇంజెక్షన్‌లో ఉండేదానికన్నా చాలా తక్కువ, అదీ కొద్దిసేపట్లోనే తగ్గిపోతుంది. పాపను చికిత్స జరిగిన రాత్రే అన్న పక్కన పడుకోబెట్టండి.