పౌలా మోడర్‌సోన్-బెకర్ ఎవరు, ఆవిడ పోర్ట్రెయిట్స్ గురించి ఎందుకంత చెప్తారు?

జర్మన్ పెయింటర్ అండి, 1876లో డ్రెస్డెన్‌లో పుట్టింది, ఇంట్లోవాళ్ళ మాట మీద టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసింది కానీ మనసంతా బొమ్మల మీదే. బ్రెమెన్ దగ్గర వోర్ప్స్‌వేడే అనే పల్లెలో ఆర్టిస్టులంతా ఉండేవాళ్ళు, అక్కడికెళ్ళి 1901లో ఒట్టో మోడర్‌సోన్ అనే పెయింటర్‌నే పెళ్ళి చేసుకుంది. కానీ ఆ ఊళ్ళో అందరూ వేసే ప్రకృతి దృశ్యాలు ఈవిడకి చాల్లేదు, నాలుగుసార్లు పారిస్ వెళ్ళింది, అక్కడ సెజాన్, గోగాఁ అనే ఫ్రెంచ్ పెయింటర్ల బొమ్మలు చూశాక ముఖాల్లో డీటెయిల్స్ తీసేసి పెద్ద పెద్ద ఆకారాలు, మందమైన రంగు, అంతే.

ఆ 1906 సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఒక్కటి చూడండి చాలు. నడుం పైన బట్టల్లేవు, మెడలో పూసల దండ, గర్భిణీలా పొట్ట మీద చేతులు, నిజానికి అప్పటికి గర్భవతే కాదు, పైగా భర్తని వదిలి పారిస్‌లో ఒంటరిగా ఉంది! ఒక ఆడమనిషి తనని తానే అలా వేసుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. కవి రిల్కే పోర్ట్రెయిట్ కూడా ఆ ఏడాదిదే.

తర్వాత మళ్ళీ ఒట్టోతో కలిసింది, 1907 నవంబర్‌లో కూతురు పుట్టింది, మూడు వారాలు కూడా కాకుండానే మంచం దిగి లేచిన రోజే రక్తం గడ్డ అడ్డుపడి చనిపోయింది. 31 ఏళ్ళే. బతికుండగా అమ్ముడైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వేసినవి మాత్రం 700 పైనే. 1927లో బ్రెమెన్‌లో ఆవిడ పేరు మీదే మ్యూజియం పెట్టారు, తర్వాత నాజీలు ఆవిడ బొమ్మల్ని చెడిపోయిన కళ అని గ్యాలరీల్లోంచి పీకేశారనుకోండి.