ట్రూవెలో మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పందొమ్మిదో శతాబ్దంలో టెలిస్కోపులో చూసి గ్రహాల్నీ తోకచుక్కల్నీ బొమ్మలు గీసిన ఫ్రెంచ్ చిత్రకారుడు ట్రూవెలో మీద నీ వ్యాసం చదివాను. 'అద్భుతం' అని మొదటి పేరాలోనే మూడుసార్లు రాశావు గానీ, ఆ మనిషి బొమ్మ ఎలా గీశాడో ఎక్కడా చెప్పలేదు. పాఠకుడికి కావలసింది అదే కదా!

హార్వర్డ్ అబ్జర్వేటరీ వాళ్ళు ట్రూవెలోని పిలిచింది 1872లో. అక్కడి 15 అంగుళాల టెలిస్కోపు ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే చోట) సన్నని గళ్ళున్న గాజు ముక్క పెట్టుకుని, కాగితం మీదా అవే గళ్ళు గీసుకుని, ఏ మచ్చ ఏ గడిలో పడిందో చూసి దించేవాడు. మన సినిమా బ్యానర్ ఆర్టిస్టులు ఫోటో మీద గళ్ళు కొట్టి గుడ్డ మీదకి ఎక్కించినట్టే, కాకపోతే ఇక్కడ ఫోటో కదులుతూ ఉంటుంది. గురుగ్రహం పది గంటలైనా పట్టకుండా తన చుట్టూ తాను తిరిగేస్తుంది, నువ్వు పెన్సిల్ చెక్కుకునేలోపే మచ్చ జరిగిపోతుంది. ఆ టెన్షన్ రాయి. జిప్సీ మాత్ పురుగుల్ని అమెరికాకి తెచ్చింది ఆయనే, అవి తప్పించుకుని అడవుల్ని తినేశాయి, నిజమే, కానీ సగం వ్యాసం దానికా? ఒక్క వాక్యం చాలు.

ఇంకోటి. 'ఫోటో వచ్చింది, బొమ్మ పోయింది' అని తేల్చేశావు. అంత సులువుగా పోలేదు. ఓరియన్ నెబ్యులాని, అంటే ఆకాశంలోని ఒక వాయు ధూళి మేఘాన్ని, ఒక్కొక్కరూ ఒక్కోలా గీస్తుంటే, మారింది నెబ్యులానా, గీసేవాడి చెయ్యా అని ఖగోళవేత్తలు తలలు పట్టుకున్నారు. 1880లో అమెరికన్ ఖగోళవేత్త హెన్రీ డ్రేపర్ దాన్ని ఫోటో తీశాడు, అక్కడ కెమెరాదే పైచేయి. గ్రహాల దగ్గర మాత్రం గాలి కదలికకి ఫోటో అలుక్కుపోయేది, గాలి నిలిచిన ఆ ఒకటి రెండు క్షణాల్లో కన్ను పట్టుకున్నది కెమెరాకి దొరికేది కాదు. అలవాటుపడిన కన్నుకే సున్నితమైన వివరాలు దొరుకుతాయని ట్రూవెలో వాదించాడు కూడా. అయితే 1877లో ఇటలీ ఖగోళవేత్త షియాపరెల్లికి అంగారకుడి మీద లేని గీతలు చూపించిందీ అలాంటి కన్నే. నీ వ్యాసంలో నాకు ఈ రెండు వైపులూ కావాలి.

1881–82లో స్క్రిబ్నర్స్ అనే ప్రచురణ సంస్థ వేసిన ట్రూవెలో 15 బొమ్మలూ క్రోమోలితోగ్రాఫులు, అంటే ఒక్కో రంగుకీ ఒక్కో రాయి చొప్పున అచ్చు వేసినవి. కాబట్టి నువ్వు మెచ్చుకున్న ఆ నీలం ట్రూవెలో పాస్టెల్‌ది (రంగు సుద్దది) అని రాసేయకు, అచ్చువాళ్ళ చెయ్యి కూడా ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సైట్‌లో అన్నీ దొరుకుతాయి. 1881 తోకచుక్క బొమ్మ తెరిచి, కనిపించింది కనిపించినట్టు ఒక పేజీ రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.