ఆ మాట దగ్గర దగ్గకు

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. డిగ్రీ పిల్లలకు ‘ద క్యాచర్ ఇన్ ద రై’ చెప్పబోతున్నావనీ, అప్పుడే ఒక తండ్రి వచ్చి “అందులో అన్నీ బూతులేనట గదా మేడమ్” అని అడిగి పోయాడనీ రాశావు. టెన్షన్ పడకు. 1951లో వచ్చిన నవల అది. 1960లో అమెరికాలోని టల్సాలో పదకొండో తరగతికి చదివించినందుకు ఒక టీచర్ ఉద్యోగమే పోయింది. అప్పీలు చేసుకుంటే ఉద్యోగం తిరిగొచ్చింది గాని, పుస్తకాన్ని పాఠాల్లోంచి తీసేశారు. నీ దగ్గరికి వచ్చింది ఒక్క తండ్రే.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. హనుమకొండలో కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో ఇదే నవల చదివిస్తూ, ఆ బూతు మాటలు వచ్చినప్పుడల్లా దగ్గి దాటేసేవాణ్ణి. మూడో రోజుకల్లా వెనక బెంచీవాళ్లు దగ్గులు లెక్కపెట్టుడు మొదలుపెట్టారు. చౌరస్తాలో తీయించుకున్న జిరాక్స్ కాగితాల్లో సరిగ్గా నేను దగ్గిన మాటల కిందే గీతలు! కథ చెప్పే పిల్లగాడు హోల్డెన్, వాడి తమ్ముడు ఏ జబ్బుతో పోయాడని అడిగితే ఒక్కడూ నోరు విప్పలేదు. అందుకే ఆ మాట దగ్గర దగ్గకు. సాగదీసి నటించకు కూడా. ఉన్నది ఉన్నట్టు చదివి ముందుకు పో.

వాటిని తెలుగులోకి మార్చి చెప్పకు. హోల్డెన్ నోట ఊతపదంలా దొర్లేది ‘గాడ్‌డామ్’. దేవుడి పేరు తిట్టులో కలిపాడని అక్కడివాళ్ల బాధ. మన తిట్లు తల్లినో అక్కనో లాగుతాయి. అవి తెచ్చి పెట్టావంటే పదహారేళ్ల పిల్లగాడి విసుగు కాస్తా కల్లు దుకాణం ముందు కొట్లాట అయిపోతుంది. మోటుకూ బూతుకూ తేడా మన పిల్లలకు వేరే చెప్పాలా? మన మాటనే మోటు అని వెక్కిరిస్తే కాళోజీ ఊరుకున్నాడా? అయితే ఒకటి, నా మట్టుకు నాకు ఈ నవలలో అక్కడక్కడ తిట్లు ఎక్కువయ్యాయనే అనిపిస్తుంది. ఆ సంగతి క్లాసులో చెప్పడానికి మొహమాటపడకు.

పాఠం మాత్రం మొదటి పేజీతో మొదలుపెట్టకు, 25వ అధ్యాయంతో పెట్టు. చెల్లెలు ఫీబీకి చీటీ ఇద్దామని హోల్డెన్ ఆమె బడికి పోతాడు. మెట్ల దగ్గర గోడ మీద పుస్తకం మొత్తంలోకెల్లా పచ్చి బూతు రాసి ఉంటుంది. చిన్నపిల్లలు చూస్తారు, ఎవడో దానికి అర్థం చెప్తాడు, వాళ్లు రెండు రోజులు అదే తలుచుకుంటారు అని వాడి గుబులు. చేత్తో తుడిచేస్తాడు. ఇంకోచోట కత్తితో గీకి ఉంటుంది, ఎంత రుద్దినా పోదు. పుస్తకమంతా తిట్టినవాడే గోడ తుడుస్తున్నాడు. ఆ మాటను అచ్చులో పెట్టకపోతే వాడు తుడిచేదేమిటి?

చదివాక ఒకటి అడుగు: బస్టాండు గోడ మీద బొగ్గుతో అలాంటిదే ఉంది, పక్కన పదేళ్ల చెల్లె అక్షరాలు కూడబలుక్కుంటోంది, నువ్వైతే ఏం చేస్తావు? జవాబుకు తొందరపెట్టకు.

ఆ తండ్రిని పిలిచి, చాయ్ ఇప్పించి, ఆ పేజీలే వినిపించు. అయినా వద్దంటే వాదన పెట్టుకోకు. ఆ పిల్లకు వేరే నవల ఇవ్వు, నలుగురిలో ఆ సంగతి ఎత్తకు.

నా పాత కాపీ పంపుతున్నా. 25వ అధ్యాయం దగ్గర పరకాల బస్సు టికెట్ పెట్టాను, పారేయకు.

మీ సారు